నెల్డా నంబరు చెప్పని ఆట

నెల్డా హ్యాచెట్ ఇంట్లోనూ బజార్లోనూ మాట్లాడేది తక్కువ. సాఫ్ట్‌బాల్ ఆట ఉన్న రోజున మాత్రం మైదానమంతా ఆమె గొంతే. జట్టు కూర్చునే డగౌట్ మెట్టు దగ్గర బంతుల బకెట్ మూత మీద కూర్చుని, పడబోయే ప్రతి బంతికీ ఓ నంబరు అరిచేది. బంతి విసిరే పిల్లా, వెనకాల పట్టే పిల్లా మణికట్టు పట్టీ మీద ఆ నంబరు ఎదురుగా ఏముందో చూసుకునేవాళ్ళు. లేచే బంతా, దిగే బంతా, నెమ్మది బంతా అన్నది నెల్డా ఇష్టం. వెయ్యడం వరకే పిల్లల పని. ఓక్లహోమాలో తూర్పు కొండల కిందున్న ఆ చిన్న కాలేజీలో ఏళ్ళ తరబడి అదే పద్ధతి.

ఆమె పాడి ఉన్న ఇంట్లో పుట్టింది. సాయంత్రం పాలు పితకడం అయ్యాక తండ్రి గడ్డిమోపు మీద కూర్చుని బంతులు పట్టేవాడు. ఆమె చెయ్యి గిర్రున తిప్పి, తుంటి పక్కనుంచి విసిరేది. ఆ రోజుల్లో అటువైపు ఆటను చూసి ఆడపిల్లను ఏ కాలేజీ పిలవలేదు. బడి వంటింట్లో పనికి కుదిరింది. శనివారాలు చర్చి జట్టులో ఆడేది. కాలేజీ పెద్ద కోచ్ ఓ రోజు అటు వచ్చి చూసి, "మా పిల్లలకి కాస్త నేర్పి పెడతారా అమ్మా?" అని అడిగాడు. ఆ కాస్త ఆమె జీవితమంతా అయింది.

భర్త ఆర్వెల్ పశువుల దాణా కొట్లో పనిచేసేవాడు. చలికాలం మంచు పడితే పిల్లలు రేకుల షెడ్డులో ప్రాక్టీసు చేసేవాళ్ళు. వాళ్ళ బంతులు పట్టేది ఆయనే. పోయిన అక్టోబరులో ఆయన పోయాడు. ఆ చలికాలం నెల్డాకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మధ్యాహ్నం కాగానే షెడ్డుకు వెళ్ళి కూర్చునేది. జట్టులో బంతి విసిరే కోరాలిన్ అనే పిల్ల కూడా రోజూ వచ్చేది. ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు. చేతి తొడుగు తగిలించుకుని, "మొదలెడదామా మిస్ నెల్డా?" అని విసరడం మొదలుపెట్టేది. అంతకంటే మేలు ఆ చలికాలంలో నెల్డాకు ఎవరూ చెయ్యలేదు.

కోరాలిన్‌కు అది ఆఖరి ఏడు. చదువవగానే పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఎదిగిన ఆడపిల్లలకు కాలేజీ దాటాక ఈ ఆటలో పెద్దగా చోటు లేదు. మే నెలలో జట్టు ఏ రోజు ఓడితే ఆ రోజుతో ఆమె ఆట సరి. ఈ పిల్లకు ఇంకొక్క వారమైనా ఆట ఉండాలి, అదొక్కటే కావాలి నెల్డాకు.

ఆ మే నెలలోనే ఓడితే ఇంటికి పోవాల్సిన ఆట వచ్చింది. అవతలి జట్టు కోచ్ షాండ్రా. ఆమె ఒకప్పుడు నెల్డా శిష్యురాలే. ఆట మొదలయ్యే ముందు వచ్చి వాటేసుకుంది.

"చిక్కిపోయారేంటి మిస్ నెల్డా? తింటున్నారా అసలు?"

"తింటున్నాలే. ఇవాళ నీ పిల్లల్ని కూడా నమిలేస్తా చూడు."

"పళ్ళు జాగ్రత్త మరి," అని నవ్వుతూ వెళ్ళింది షాండ్రా.

మూడో ఇన్నింగ్స్‌కే కోరాలిన్ బంతుల్ని ఉతికి ఆరేశారు. దిగే బంతికి ముందే వంగి కొట్టారు. నెమ్మది బంతికి తాపీగా ఆగి కొట్టారు. రెండు పరుగులు పోయాయి. నంబర్లు దొంగిలించారనుకుంది నెల్డా. వెనకాల పట్టే ట్రినాను పిలిచి, "పట్టీల్లో చీటీలు మార్చండి. మన నంబర్లు వాళ్ళకి తెలిసిపోయాయి," అంది. చీటీలు మార్చారు. అయినా మళ్ళీ కొట్టారు. ఈసారి కొట్టింది వాళ్ళ జట్టులో అందరికంటే చేతగాని పిల్ల! రెండు స్ట్రైకులు పడ్డాక, ఇంకొక్కటి పడితే ఔటయ్యే చోట, నెమ్మది బంతి వస్తుందని చుట్టం కోసం చూసినట్టు ఎదురుచూసి మరీ కొట్టింది.

నెల్డా షాండ్రా వైపు చూసింది. షాండ్రా ఇటు చూడనే లేదు. ఆమెకు నంబర్లతో పనేముంది? భుజం నొప్పితో ఆడలేకపోయిన ఏడాది షాండ్రాను ఈ బకెట్ పక్కనే కూర్చోబెట్టుకుని, ఏ బంతి తర్వాత ఏది అడగాలో, ఎందుకు అడగాలో బోధించింది నెల్డాయే. "రెండు స్ట్రైకులు పడ్డాక నువ్వేం అడుగుతావో మన కుక్కని అడిగినా చెబుతుంది నెల్," అని ఆర్వెల్ ఏడిపించేవాడు. షాండ్రా తెలుసుకున్నది పట్టీ మీది నంబర్లను కాదు, నెల్డాను.

కొత్తగా ఆలోచిద్దామని చూసింది. ఏది తట్టినా అది షాండ్రాకు నేర్పిందే. తిప్పి తిప్పి పాత దారికే వచ్చింది.

ఇన్నింగ్స్ మధ్యలో కోరాలిన్‌నూ ట్రినానూ దగ్గరకు పిలిచింది.

"ఇకనుంచి నేను చెప్పను. మీరిద్దరే అనుకుని వేసుకోండి."

కోరాలిన్ ముఖం పాలిపోయింది. "నా మీద కోపమొచ్చిందా?"

"కోపం కాదే పిచ్చిదానా. అక్కడ నిలబడిందే షాండ్రా, అది నా బుర్ర మొత్తం చదివేసింది. మీ బుర్రలు ఇంకా చదవలేదు."

"దీని బుర్రలో చదవడానికేముంది కోచ్?" అంది ట్రినా. కోరాలిన్ దాన్ని మోచేత్తో పొడిచింది.

పెద్ద కోచ్ వచ్చి, "ఖాయంగానే అంటున్నారా?" అని గొణిగాడు. "కాదు," అంది నెల్డా. ఆయన తన చోటికి వెళ్ళిపోయాడు.

అలా నోరు కట్టుకుని కూర్చోవడం ఆమెకు నరకంలా ఉంది. రెండుసార్లు నంబరు పెదాల దాకా వచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు స్ట్రైకులు పడ్డాక కోరాలిన్ నెమ్మది బంతి వెయ్యలేదు. ఛాతీ ఎత్తున లేచే బంతి విసిరింది. కోరాలిన్ చేతిలో సగంసార్లు గురి తప్పే బంతి అది. నెల్డా అయితే ఛస్తే అడగదు. నెమ్మది బంతి కోసం కాచుకున్న అవతలి పిల్ల బ్యాటు తిప్పేసరికి బంతి ట్రినా చేతిలో ఉంది.

అన్నీ అలా కుదరలేదు. ఒకటి తప్పి మూడో పరుగూ పోయింది. కానీ అవతలివాళ్ళకు ఆ ధీమా పోయింది. షాండ్రా చప్పట్లు ఆపి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆరో ఇన్నింగ్స్‌లో వీళ్ళు నాలుగు పరుగులు తీశారు. ఏడోదైన ఆఖరి ఇన్నింగ్స్‌లో చివరి పిల్లను కోరాలిన్ దిగే బంతితో బోల్తా కొట్టించింది. ఒక్క పరుగుతో ఆట వీళ్ళదైంది.

"మధ్యలోంచి అడిగింది మీరు కాదు కదా?" కరచాలనం చేస్తూ షాండ్రా అంది.

"కాదు."

"అనుకున్నాను. మీరైతే తినేసేదాన్నే," అంటూ ఏడుపూ నవ్వూ కలిసిన ముఖంతో మళ్ళీ వాటేసుకుంది. నెల్డా ఆ పిల్ల వీపు నిమిరింది. ఓడించినందుకు బాధగానే ఉంది. అయినా ఆట వదులుకునేంత బాధేం కాదు.

తిరుగు దారిలో బస్సును రోడ్డు పక్క హోటలు దగ్గర ఆపారు. వేయించిన బెండకాయలూ కోడి ముక్కలూ పళ్ళేల్లో పొగలు కక్కుతున్నాయి. నెల్డా కోరాలిన్ ఎదురుగా కూర్చుంది.

"వచ్చే వారం వాళ్ళలో మొదట ఆడే పిల్ల ఎడమచేతిది. దానికేం వేస్తావు?"

"మీరు చెప్పండి."

"నిన్నడుగుతున్నా."

"ఇప్పుడా? చేతినిండా నూనె మిస్ నెల్డా! తిననివ్వండి ముందు," అంటూ కోరాలిన్ బెండకాయల పళ్ళెం ఆమె వైపు తోసింది. నెల్డా ఒకటి తీసుకుంది.