కొర్రాలెస్ దీపాలకు బయల్దేరిన ఒబ్దూలియా

మా బొయకా కొండల్లో డిసెంబరు వచ్చిందంటే ఊళ్ళన్నిటికీ దీపాల పిచ్చి పట్టుకుంటుంది. చర్చి గోపురం మొదలుకొని గాడిద బొమ్మ తోక దాకా బల్బులు చుట్టందే ఎవరికీ అన్నం సహించదు. వాటిని చూడడానికి ఎక్కడెక్కడి జనమో బస్సులు మాట్లాడుకుని చలిలో వణుక్కుంటూ వస్తారు. ఒబ్దూలియా మాత్రం పెళ్ళయిన నాటినుంచీ ఆ దీపాలకు వీపు పెట్టే బతికింది.

వాళ్ళ ఊరి చర్చి ముందు మొక్కజొన్న రొట్టెలు కాల్చే బండి ఆమెది. చూడవచ్చిన వాళ్ళ ముఖాల మీద ఎరుపూ పచ్చా ఆడుతుంటే, వెనకాల దీపాలు వెలిగాయని ఆమెకు తెలిసేది. తిరిగి చూద్దామంటే పెనం మీద రొట్టె ఊరుకోదు. మొగుడు కుస్తోదియో పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని "తిప్పు, తిప్పు" అనేవాడు. చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తలేదు, నోరు పారేసుకోలేదు. కానీ ఒక్క క్షణం అట్లకాడ అందుకుని, "నువ్వలా వెళ్ళి చూసి రా" అన్న పాపాన పోలేదు.

ఆయన పోయి, ఏడుపులన్నీ అయ్యాక ఒబ్దూలియా బండి అమ్మేసింది. అప్పటినుంచి ప్రతి డిసెంబరులోనూ త్రాన్సితో అనే ఆడపడుచును వెంటేసుకుని, పొరుగూళ్ళ దీపాలు చూసే బస్సెక్కుతోంది. కిటికీ పక్క సీటు, ఒళ్ళో చీజ్ బన్నుల సంచి. ఇంకేం కావాలి? ఆమె నిజంగానే సంతోషంగా ఉంది.

అలాంటి మనిషిని పట్టుకుని, భుజాల మీద కప్పుకునే ఉన్ని రువానాలు నేసే కెరుబీన్ పెళ్ళి చేసుకుందామని అడిగాడు. ఆయనకూ భార్య పోయింది. మాటకు కట్టుబడే మనిషని ఊరంతా చెప్పుకుంటుంది.

"మళ్ళీ ఒకరికి వండి వార్చే ఓపిక నాకు లేదండీ," అంది ఒబ్దూలియా.

"అయితే పందెం కాద్దాం. డిసెంబరేగా!"

పండగ ప్రార్థనలు మొదలైన రోజునుంచి మా వైపు చిన్నా పెద్దా అంతా కానుకల పందేలు కాస్తారు. వాటిలో ఒకటి, ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం ఉండదు. ఎదుటివాళ్ళ చేతినుంచి ఏది అందుకున్నా ఓడిపోయినట్టే. గెలిచినవాళ్ళు "నా కానుక!" అని అరవాలి. అరవకపోతే లెక్కలోకి రాదు. వీళ్ళు కాసింది ఆ పందెమే. కెరుబీన్ గెలిస్తే పెళ్ళి. ఒబ్దూలియా గెలిస్తే ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ ఊసెత్తకూడదు. తనను ఓడించడం ఆయన తరం కాదన్న ధీమాతో ఆమె సరేనంది.

కొర్రాలెస్ వెళ్ళే బస్సులో కెరుబీన్ వెనక సీట్లోంచి జామ హల్వా ముక్కతో ఒబ్దూలియా వైపు చెయ్యి చాచాడు.

"మా వదిన సంగతి మీకు తెలీదు," అంటూ ఆడపడుచు ఆ ముక్క లాక్కుని నోట్లో వేసుకుంది. "ఏం వదినా, పాపం ఆయన చెయ్యి లాగేస్తోందట, కాస్త అందుకోరాదూ?"

"నీకంత జాలిగా ఉంటే నువ్వే చేసుకో."

"నన్నడగలేదే మరి!"

బస్సంతా గొల్లుమంది. ఒబ్దూలియాకూ నవ్వొచ్చింది కానీ, మొహం కిటికీ వైపు తిప్పుకుని నవ్వింది.

కొర్రాలెస్ చేరేసరికి చీకటి పడుతోంది. ఒక్కసారిగా వీధులన్నీ వెలిగాయి. కిటికీ కిటికీకీ దీపాలు, పైన బాకాలూదే దేవదూతలు, చర్చి ముందు కాళ్ళాడించే బల్బుల ఒంటె. జనం ఆ అని నోళ్ళు తెరిచారు. ఒబ్దూలియా కళ్ళు మాత్రం దారితప్పి, ఆ మూలనున్న రొట్టెల బండి మీద పడ్డాయి. నడివయసు మనిషి ఒకతె, దీపాలకు వీపు పెట్టి, తలొంచుకుని పెనం మీద రొట్టెలు తిప్పుతోంది.

ఒబ్దూలియా తిన్నగా వెళ్ళి, "ఇలా ఇవ్వమ్మా అట్లకాడ. నువ్వెళ్ళి ఆ ఒంటెను చూసి రా," అంది.

"మీరెవరో... రొట్టెలు మాడిపోతాయండీ!"

"నా చేతిలోనా? వెళ్ళు తల్లీ."

ఆమె వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది. షికారుకొచ్చిన ఒబ్దూలియా చొక్కా చేతులు పైకి మడిచి పెనం ముందు నిలబడింది. కెరుబీన్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"బాగుందండీ! ఇంత దూరం వచ్చింది రొట్టెలు కాల్చడానికా?"

"ఆవిడ ఎన్నడూ తిరిగి చూసి ఉండదు. నాకు తెలుసు."

"మరి మీరు? మీరు చూడొద్దూ?" అంటూ కెరుబీన్ రువానా భుజం మీదికి ఎగదోసుకుని చెయ్యి చాచాడు. "ఇటివ్వండి. నాకూ కాల్చడం వచ్చు. మీరు నిదానంగా ఒక చుట్టు తిరిగి రండి."

ఆమె ఇచ్చింది. ఆయన అందుకున్నాడు.

నాలుగడుగులు వేశాక ఒబ్దూలియాకు వెలిగింది. పందెం! ఆయన తన చేతినుంచి పుచ్చుకున్నాడు. తిరిగి చూస్తే, ఆయనకా ధ్యాసే లేదు. కళ్ళలో పొగ పడుతుంటే మొహం చిట్లించుకుని, మహా శ్రద్ధగా రొట్టె అంచులు చూసుకుంటున్నాడు. ఇప్పుడు అరిస్తే ఇక జన్మలో అడగడు. అన్న మాట తప్పే మనిషి కాడు.

ఆమె అరవలేదు. దీపాల కింద తీరుబడిగా నడిచింది. ఒంటెను చూసింది, దేవదూతలను చూసింది, ఒంటె ముందు నిలబడి పగలబడి నవ్వుతున్న బండి మనిషినీ చూసింది. ఎవరూ తిప్పు, తిప్పు అనలేదు. ఇన్ని డిసెంబరులు తిరిగినా తనకింత హాయిగా ఎప్పుడూ లేదని ఆమెకు అనిపించింది. ఆ హాయి ఒక్క దీపాలవల్లే కాదని కూడా తెలిసింది. తెలిసి భయం వేయలేదు.

వెనక్కి వచ్చి, బండి ముందు నిలబడి, వీధి దద్దరిల్లేలా అరిచింది. "నా కానుక!"

కెరుబీన్ ఉలిక్కిపడ్డాడు. చేతిలో అట్లకాడ చూసుకున్నాడు.

"ఓడిపోయానండీ," అన్నాడు మెల్లగా. "మాటంటే మాటే. ఇక అడగను."

"అవును, మీరిక అడక్కూడదు," అంది ఒబ్దూలియా. "అందుకని నేనే అడుగుతున్నాను. నన్ను చేసుకుంటారా?"

ఆయన చేతిలో అట్లకాడ పెనం మీద అలాగే ఆగిపోయింది.

"ముందు ఆ రొట్టె తిప్పండి. మాడుతోంది. తిప్పి అప్పుడు చెప్పండి."