కూర్చోవడం రాని మావయ్య

మా మావయ్యకి పడుకోవడం వచ్చు, నిలబడటం వచ్చు. మధ్యలో ఉన్న కూర్చోవడమే రాదు.

ముప్పై ఏళ్లకు పైగా సిటీ బస్సులో కండక్టర్. తలుపు పక్కన ఆయనకంటూ ఒక సీటు ఉండేది కానీ, దాని మీద ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఎవరో ఒక ముసలమ్మని కూర్చోబెట్టేవాడు. ముసలమ్మ దొరకని రోజు ఎవరిదో బుట్టని కూర్చోబెట్టేవాడు. రిటైరయినా ఒంటికి ఆ సంగతి తెలియలేదు. వంటగట్టుకి నడుం ఆనించి, కంచం ఎడమ అరచేతిలో పట్టుకుని, తలుపు వైపు చూస్తూ తింటాడు, ఎవరైనా దిగాల్సినవాళ్లు ఉన్నారేమో అన్నట్టు. పెళ్లిలో ఫోటోకి పిలిస్తే నవ్వడం మానేసి, వెనకవాళ్లని "ముందుకి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది" అంటాడు. బస్సు ఆపమని ఆయన అరిచే మాట పట్టుకుని, ఇంట్లో అందరం వెనకాల ఆయన్ని హోల్డాన్ అంటాం. కొందరం ముందే అంటాం.

అత్తయ్య పోయి చాలా కాలమైంది. "ఆయన తిన్న కంచాలు కడిగానే గానీ, కంచం ముందు ఆయన్ని ఒక్కసారీ చూడలేదు" అనేది పాపం. పిల్లల్లేరు. ఆయన ఒంటరిగా నిలబడి నిలబడి పోతాడేమోనని మా అమ్మకి బెంగ. అమ్మ ఆయనకి చెల్లెలు. తెలిసినవాళ్ల ద్వారా ఒక సంబంధం తెచ్చింది. వేరే ఊళ్లో రిటైరయిన హెడ్ నర్సు, ఆవిడకీ భర్త లేడు. ఇద్దరూ నెలల తరబడి ఫోన్లో మాట్లాడుకున్నారు. ఫోన్ నిలబడి మాట్లాడొచ్చు కాబట్టి ఇబ్బంది రాలేదు. అద్దం ముందు ఎప్పుడూ ఆగని మావయ్య మీసానికి రంగు వేయడం మొదలుపెట్టాడు. అంటే విషయం ముదిరిందన్నమాట.

అప్పుడు ఆవిడ ఒక షరతు పెట్టింది.

"మా ఆయన బతికినంతకాలం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని తిన్నాడండీ. నేను వడ్డించింది మనిషికో పేపరుకో నాకే తెలీదు. నాకు మీ ఇల్లూ వద్దు, పెన్షనూ వద్దు. ఒకరోజు మా ఊరు రండి. ఊరంతా బాగుచేశారు, చూపిస్తాను. ఒక్క పూట నా ఎదురుగా కూర్చుని తినండి. ఆ తర్వాత అవునో కాదో చెప్తాను."

అమ్మ నన్ను పిలిచింది. "ఒరేయ్, నువ్వు తోడు వెళ్లు. కాలేజీ ఎలాగూ మధ్యలోనే దిగిపోయావు. ఇక్కడైనా చివరిదాకా ఉండి, మీ మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టు."

"కుర్చీకి కట్టేయనా?"

"తాడు కావాలంటే దండెం తీసుకెళ్లు."

రైల్లో సీట్లు రిజర్వు చేయించాను. మావయ్య సీట్లో ఆయన సంచీ కూర్చుంది. ఆయన దారంతా తలుపు దగ్గర నిలబడి, ప్రతి స్టేషన్లోనూ దిగేవాళ్లని ముందు దిగనిచ్చి, ఎక్కేవాళ్లని తర్వాత ఎక్కనిచ్చాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

ఆవిడ ప్లాట్‌ఫాం మీద ఎదురుచూస్తోంది. పొట్టిగా, చక్కగా ఇస్త్రీ చేసిన బట్టల్లో, కళ్లజోడు పైనుంచి చూస్తూ. ఆ చూపు తగలగానే నాకు నాలిక బయటపెట్టి చూపించాలనిపించింది.

"మీరేనా?"

"నేనేనండి."

"ఈ అబ్బాయి?"

"మా మేనల్లుడండి."

"ఏం చదివాడు?"

"సగం."

ఆవిడ నవ్వింది. అమ్మయ్య అనుకున్నాను. బోణీ నా పరువుతో అయినా, బాగానే అయింది.

ఇక ఊరు సంగతి. ఒకప్పుడు ఫ్యాక్టరీలు మూతపడి, పట్టించుకునే దిక్కు లేక పాడుబడిన ఊరట. ఇప్పుడు బాగుచేశారు. బాగుచేయడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. మా ఇంట్లో గోడకి సున్నం రాలితే అమ్మ నాన్నని వారం రోజులు తిడుతుంది. ఇక్కడ కూలీ ఇచ్చి మరీ సున్నం రాల్చి, ఇటుకలు బయటపెట్టి, వాటి మీద దీపాలు వేశారు. పాత జైలుని హోటల్ చేశారు. ఒకప్పుడు గోడ దూకి పారిపోవాలని చూసిన గదుల్లోకి ఇప్పుడు జనం ముందుగా బుక్ చేసుకుని, సూట్‌కేసులతో వెళ్తున్నారు. గడియారం స్తంభానికి కొత్త ముళ్లు పెట్టారు గానీ, అది టైము తప్పే చూపిస్తోంది. అందరూ దాని ముందు ఫోటోలు దిగి, టైము ఫోన్లో చూసుకుంటున్నారు.

"ఈ కాలువ ఉంది చూశారూ," అంది ఆవిడ, పూలకుండీలు పేర్చిన గట్టు మీద నడుస్తూ, "వానాకాలం వస్తే మా వార్డు నింపేది ఇదే. ఒక్కో మంచానికి ఇద్దరు జ్వరాలవాళ్లు. ఇప్పుడు దీని పక్కన కాఫీ తాగుతున్నారు."

"మంచానికి ఇద్దరా?" మావయ్య కళ్లు మెరిశాయి. "సీటుకి ముగ్గురిని సర్దేవాణ్ణండి నేను."

"మీవాళ్లు దిగి వెళ్లిపోయేవాళ్లు. మావాళ్లు అంత తేలిగ్గా దిగేవాళ్లు కాదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కాలువ పక్కన బెంచీ కనిపించింది. ఆవిడ కూర్చుంది. నేను కూర్చున్నాను. మావయ్య బెంచీ వెనక, కమ్మీ పట్టుకున్నట్టు దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగి కళ్లతో బతిమాలాను. ఆయన కళ్లతోనే "తర్వాత" అన్నాడు. ఆవిడ అది చూసింది.

నడుస్తుండగా మావయ్యని పక్కకి లాగాను. "మావయ్యా, భోజనం దగ్గర మాత్రం కూర్చో. నీ కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకోరా, అవైనా నీ మాట వింటాయేమో," అన్నాడు. వెంటనే మొహం చిన్నది చేసుకున్నాడు. "కూర్చుంటే ఏదో మర్చిపోయినట్టు ఉంటుందిరా. నాకు మాత్రం ఆవిడ అవుననాలని లేదా?"

అంతసేపూ తమాషాగా ఉన్న నాకు అప్పుడు భయమేసింది.

ఆవిడ మమ్మల్ని భోజనానికి తీసుకెళ్లిన చోటు చూసి ఆ భయం పదింతలైంది. అది పాత బస్సు డిపో. రిపేరు గుంతల మీద అద్దం పరిచి లోపల లైట్లు పెట్టారు. వడ్డించేవాళ్లందరికీ ఖాకీ చొక్కాలు, భుజానికి తోలు సంచులు, మెనూ ఆ సంచీలోంచి తీస్తారు. హాలు నడుమ చక్రాలు పీకేసిన ఎర్ర బస్సు ఒకటి, లోపల సీట్ల మధ్య బల్లలు.

"మీకు నచ్చుతుందని వెతికి వెతికి పట్టాను," అంది ఆవిడ మురిపెంగా.

తాగుబోతుని సారా కొట్లో కూర్చోబెట్టి మానేయమన్నట్టుంది.

బస్సెక్కాం. ఎదురెదురు సీట్లు. ఆవిడ కూర్చుని, ఒళ్లో గుడ్డ పరుచుకుంది. నేను నడవా అవతలి సీట్లో కూర్చున్నాను. మావయ్య కూర్చున్నాడు. నిజంగా కూర్చున్నాడు! రెండు చేతులూ బల్ల మీద పెట్టి, పరీక్ష హాల్లో పిల్లాడిలా. సూప్ వచ్చింది. ఆయన చెంచా ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ఒక కుటుంబం ఎక్కి, మెట్ల దగ్గరే ఆగిపోయి ఫోటోలు మొదలుపెట్టింది.

చెంచా గాల్లో ఆగింది. ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, ఉద్యోగంతో వచ్చింది. ఇంకా మొండిది.

"లోపలికి జరగండి! ఫుట్‌బోర్డు మీద నిలబడకండి! అమ్మా, పిల్లాణ్ణి ఎత్తుకోండి!"

లేచిపోయాడు. ఆ గొంతుకి కుటుంబం కుటుంబమంతా లోపలికి జరిగింది. ఆ వెనక ఇంకో నలుగురు ఎక్కారు. మావయ్య వాళ్లనీ సర్దాడు. వెనక్కి నడిచి బస్సు పక్క రేకు మీద రెండు దెబ్బలు కొట్టి "రైట్ రైట్!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. హోటలువాళ్లు పెట్టిన వేషగాడనుకున్నారు. ఒకామె ఆయనతో ఫోటో దిగింది. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్, అదరగొట్టారు! వారం వారం వస్తారా?" అన్నాడు. మావయ్య మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఆ మొహం అలా వెలగడం నేను చూడలేదు.

ఈలోగా ఆవిడ సూప్ తాగేసింది. చేప వచ్చింది. ఎదురుగా ఉన్న ఖాళీ సీటు వైపు ఒకసారి చూసి, ముళ్లు ఏరుకుంటూ తినడం మొదలుపెట్టింది. ఖాళీ సీటు ముందు సూప్ మీద మీగడ కట్టింది.

నేను లేచి వెళ్లి ఆయన చొక్కా పట్టుకున్నాను. "మావయ్యా, నీ పెళ్లాం దిగిపోతోంది!"

"ఇంకా కాలేదు కదరా," అన్నాడు అయోమయంగా.

"కాకముందే దిగిపోతోంది!"

అప్పటికే ఆవిడ మూతి తుడుచుకుని, మావయ్య తినని భోజనం డబ్బాలో కట్టించి, సంచీ భుజాన వేసుకుంది. అరవలేదు. ఏడవలేదు. మెట్ల దగ్గరికి వచ్చి, ప్రయాణికురాలి గొంతుతో, "హోల్డాన్. నేను దిగాలి," అంది.

మావయ్య అలవాటు కొద్దీ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆవిడ దిగిపోయాక గానీ ఆయనకి అర్థం కాలేదు ఎవరికి దారిచ్చాడో.

రోడ్డు మీద పట్టుకున్నాం. ఆవిడ సిటీ బస్సు స్టాపులో నిలబడి ఉంది.

"పేపరు అడ్డం ఉన్నా, దాని వెనక మనిషైనా ఉండేవాడండీ," అంది నిదానంగా. "మీరు మంచివారు. మీ బస్సులో నాకు చోటు లేదు, అంతే. స్టేషన్ దాకా వచ్చి దింపుతాను. ఈ ఊరికి అతిథులు కదా."

బస్సు వచ్చింది, నిజం బస్సు, కిక్కిరిసి. ఎక్కాం. ఎవరో దిగితే ఇద్దరు పట్టే సీటు ఖాళీ అయింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. మావయ్య పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నేను వెనక ఇద్దరి మధ్య ఇరుక్కున్నాను.

అప్పుడొచ్చింది కండక్టరమ్మాయి. నా వయసే ఉంటుంది. టికెట్ మిషను మెళ్లో, పెన్ను జడలో.

"బాబాయ్! ఖాళీ సీటు పెట్టుకుని దారికి అడ్డమెందుకు? కూర్చో!"

"నేనూ..."

"నేనూ లేదు, నువ్వూ లేదు. బస్సు నాది. కూర్చో!"

మావయ్య ఠక్కున కూర్చున్నాడు. డ్యూటీలో ఉన్న కండక్టర్ మాట జవదాటడం ఆయన వల్ల కాదు. తన బస్సులో కలెక్టరొచ్చినా అంతే జరగాలని కోరుకున్న మనిషి. కూర్చున్నాక ఏమైందంటే, ఆయన భుజాలు దిగాయి. ఆ అమ్మాయి "జరగండి, జరగండి" అంటూ వెనక్కి వెళ్లింది. ఆయన తల తిప్పి చూసుకుని, బాగానే చేస్తోందనుకున్నాడు కాబోలు, ముందుకి తిరిగాడు. తలుపు వైపు కాదు. ఆవిడ వైపు.

"ఆకలేస్తోందండి," అన్నాడు.

ఆవిడ చాలాసేపు కళ్లజోడు పైనుంచి చూసింది. ఈ రోగం ఇదా, అన్నట్టు. తర్వాత డబ్బా మూత తీసి ఇద్దరి మధ్యా పెట్టి, చెంచా చేతికిచ్చింది. మావయ్య తినడం మొదలుపెట్టాడు, కూర్చుని. చేపముక్కలో సగం తుంచి ఆవిడకి పెట్టాడు.

"నాది అయిపోయింది కదా."

"అప్పుడు నేను లేను కదండీ."

ఆవిడ తింది. బస్సు స్టాపు దాటుతుండగా ఆ అమ్మాయి "రైట్ రైట్" అంది. మావయ్య చెయ్యి దానంతటదే రేకు మీద కొట్టడానికి లేచింది.

"కదలకండి!" అంది ఆవిడ. వార్డు గొంతు. బస్సులో సగంమంది కదలడం మానేశారు. మావయ్య చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగింది.

"ఇంట్లో కూడా ఇలాగే అరవాలా నేను?"

"అరవండి," అన్నాడు మావయ్య, నోటినిండా చేపతో. "ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటే నేను కూర్చోగలనండి."

కండక్టరమ్మాయి టికెట్ల కోసం వచ్చింది. "ఎంతమంది బాబాయ్?"

మావయ్య నా వైపు తిరిగి నోరు తెరవబోయాడు. ఆవిడ ముందే అందుకుంది.

"మా ఇద్దరికీ కలిపి కొట్టమ్మా. ఆ వెనక ఉన్న సగం చదివినవాడు ఎవరో మాకు తెలీదు."

నా టికెట్ నేనే తీసుకుని, అమ్మకి ఫోన్ చేశాను. "కూర్చున్నాడా?" అంది. "కూర్చున్నాడు" అన్నాను. "కట్టేశావా?" అంది.

"నేను కాదే. ఇంకెవరో," అన్నాను.