ప్రకటన వెనకాల చిన్న గొంతు

ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండు విచారణ గదిలో కూర్చున్న ఆవిడకి సొంత పేరు ఉండే ఉంటుంది గానీ, దాన్ని హాజరు పట్టీ తప్ప ఇంకెవరూ వాడలేదు. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, టీ కొట్టువాడికీ ఆవిడ మైకమ్మ. ఆ గదిలో ఒక టేబుల్ ఫ్యాను, ఒక కిటికీ, నొక్కి పట్టుకుంటే తప్ప పలకని మైకు ఉండేవి. ఆఖరి అక్షరం నోటి నుంచి బయటపడగానే బొటనవేలు మీట మీంచి లేచిపోయేది. తరవాత ఏం జరిగిందన్నది మైకమ్మకి సంబంధించిన విషయం కాదు.

మొగుడు దొరికింది కూడా ఆ కిటికీ దగ్గరే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక డ్రైవరు టీ గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"నా బస్సు బయలుదేరుతోందని చెప్పారట. నేనిక్కడ టీ తాగుతున్నాను. మరి నడిపేదెవరండీ?"

"కాగితంలో ఉన్నది చదివాను."

"అయితే కాగితాన్నే నడపమనండి."

ఆ గొడవ ఏడాది తిరక్కుండా పెళ్ళితో ముగిసింది. ముగిసిందనడం కంటే, కిటికీ దగ్గర నుంచి ఇంట్లోకి మారిందనడం నిజం.

ఇద్దరూ రిటైరయ్యాక బస్టాండుకి కొత్త యంత్రం వచ్చింది. రికార్డు చేసిన ప్రకటనల్ని వేళకి అదే వినిపిస్తుంది. గొంతు మాత్రం మైకమ్మదే కావాలని మేనేజరు పట్టుబట్టాడు. స్టూడియోకి పంపితే అక్కడి అబ్బాయి, "కొంచెం నవ్వుతూ చెప్పండమ్మా" అన్నాడు. "బస్సు రద్దయిందని నవ్వుతూ చెబితే జనం తంతారు నాయనా" అని లేచి వచ్చేసింది. ఇంట్లోనే చేసి ఇస్తానని మేనేజరుకి మాటిచ్చింది.

ఆ మాటకి ధైర్యం కోడలు. ఆ అమ్మాయి ఏదో కాలేజీకి ఇంట్లో కూర్చునే పాఠాలు రికార్డు చేసి పంపుతుంది. తన పాత ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పడగ్గదిలో గది మోగకుండా బట్టల అలమర తలుపులు బార్లా తీసి, గోడకి రెండు దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మైకు పెట్టింది. ఫ్యాను మాత్రం ఆపడానికి మైకమ్మ ఒప్పుకోలేదు. ఫ్యాను తిరక్కపోతే తనకి గొంతు పెగలదంది.

"పోనీలెండి, తరవాత తీసేద్దాం. ముందు ఐదు సెకన్లు ఏం మాట్లాడకండి అత్తయ్యా. ఆ ముక్కని దీనికి చూపించి, ఇదీ చప్పుడంటే, అలాంటిది ఎక్కడున్నా ఏరి పారేస్తుంది."

మొదటిరోజు ఆ ఐదు సెకన్లలోనే ఇంటి పెద్దాయన, ఆ టీ గ్లాసు డ్రైవరే, తలుపు తోసి, గొంతు సవరించుకుని, "నా కళ్ళజోడు చూశావా?" అన్నాడు. మైకమ్మ పట్టించుకోకుండా ఆ ముక్కనే చూపించింది. ఆ తరవాత వింటే, ఎవరో నీళ్ళ డ్రమ్ములో మునిగి బస్సు నంబర్లు చదువుతున్నట్టు ఉంది.

"నన్ను కూడా చప్పుడు కిందే రాసుకుందా అది?" అన్నాడు పెద్దాయన.

"మనిషికీ ఫ్యానుకీ తేడా దానికి తెలీదు మావయ్యా. మనం చప్పుడని దేన్ని చూపిస్తే అదే చప్పుడు."

"ఈ ఇంట్లో ఎప్పట్నుంచో అదే పద్ధతిలే."

ఆయన్ని పేపరిచ్చి హాల్లో కూర్చోబెట్టారు. నోరు తెరవనని ఒప్పుకున్నాడు.

ప్రకటనలు మొత్తం అరవై నాలుగు. ఒక్కో దానికీ ఒక్కో ట్రాకు. మైకమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో ట్రాకుకీ విడివిడిగా శబ్దాన్ని బాగుచేసే ఎఫెక్టులు తగిలిస్తూ పద్దెనిమిదో దాని దగ్గరికి వచ్చేసరికి మెడ పట్టేసింది. కోడలు చూసి తల కొట్టుకుంది.

"ఇలా అయితే పండగలొచ్చి పోతాయి. ట్రాకులన్నిటినీ ఒక బస్సులోకి పంపండి. ఎఫెక్టులు ఆ బస్సుకి పెడితే చాలు."

"ఏ బస్సు?"

"సాఫ్ట్‌వేర్‌లో దాన్ని అలాగే అంటారు."

"టైముకి వస్తుందా?" హాల్లోంచి పెద్దాయన.

మైకమ్మ నోట్‌బుక్ తెచ్చి, అన్నీ వెళ్ళి కలిసే ఆఖరి ట్రాకుని మాస్టరంటారని కోడలు చెప్పగా, తన పద్ధతిలో రాసుకుంది: 'ట్రాకులన్నియు బస్సు ఎక్కును. బస్సు నేరుగా మాస్టరు చేరును. మధ్యలో ఆగదు.' బస్సుకి రెండు ఎఫెక్టులు పెట్టింది. ఒకటి ఫ్యాను హోరుని తీసేసేది. రెండోది మరీ గట్టిగా ఉన్నదాన్ని నొక్కి, మెల్లగా ఉన్నదాన్ని పైకి లేపి అన్నిటినీ సమం చేసేది. రెండోది ఆవిడకి తెగ నచ్చింది. ఇంత న్యాయం బస్టాండులో ఎప్పుడూ చూడలేదు. ఎంత పెంచితే అంత మంచిదనుకుని చివరిదాకా తిప్పేసింది. వరసగా విని చూసుకుంది. ప్రతిదీ అద్దంలా ఉంది. ఆఖరి అక్షరం అయీ అవకముందే ఆపేసి తరవాతి దానికి వెళ్ళడం ఆ బొటనవేలికి పుట్టుకతో వచ్చినంత అలవాటు.

ప్రకటనలు మోగడం మొదలైన మూడో రోజు పొద్దున్న మేనేజరు ఫోన్ చేశాడు.

"మేడమ్, రికార్డు చేసేటప్పుడు మీ వెనకాల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. ఫ్యాను ఉంది. అదీ తీసేశాను."

"ఫ్యాను మాట్లాడుతోంది మేడమ్. ఒకసారి వచ్చి వినండి."

మైకమ్మ వెళ్ళి మూడో ప్లాట్‌ఫారం స్తంభం పక్కన ప్రయాణికురాలిలా నిలబడింది. తన గొంతే పైనుంచి మచ్చ లేకుండా వినిపించింది. "...మరికొద్ది నిమిషాలలో బయలుదేరును." గర్వపడేంతలో, ఎక్కడో దూరం నుంచి, మెల్లగా, ఏ అక్షరానికా అక్షరం విడివిడిగా ఇంకో గొంతు, ఇంట్లో రోజూ వినేదే, వచ్చింది.

"బయలుదేరదు."

పక్క బెంచీ మీదున్న పెద్దావిడ చెప్పులు విప్పి కాళ్ళు పైకి పెట్టుకుంది. "ఇంకో అరగంట పడుతుందిలే. ఆయన బయలుదేరదన్నాడుగా" అంది కూతురితో.

మైకమ్మ అక్కడే గంటసేపు నిలబడింది. ఆరు బస్సుల గురించి ప్రకటనలు వచ్చాయి. అందులో నాలుగింటి విషయంలో ఆయనదే నిజమైంది.

ఫ్యాను హోరు ఉన్నంతసేపూ ఆ గొణుగుడు దాని చాటున దాక్కుంది. హోరుని ఊడ్చేసి, మెల్లగా ఉన్నదాన్ని పైకి లేపేసరికి పెద్దమనిషి నడివీధిలోకి వచ్చేశాడు. ఇంత కష్టపడి శుభ్రం చెయ్యకపోయి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"నోరు తెరవనన్నారుగా?"

"తెరవలేదు. లోపల్లోపల అనుకున్నాను."

"మీ లోపల్లోపల ఊరంతా వింటోంది."

"అబద్ధమేమన్నా అన్నానా?"

మైకమ్మ కుర్చీలో కూలబడింది. "మీరు బస్సు నడిపే రోజుల్లోనూ ఇలాగే అనేవారా?"

"సీట్లో కూర్చుని, ప్రతిసారీ. నువ్వు చెప్పగానే జనం పరుగెత్తుకొచ్చి నా తలుపు బాదేవాళ్ళు. వాళ్ళకి జవాబు చెప్పాల్సింది నేనేగా."

ఆవిడకి ఒళ్ళు మండాలి. మండలేదు. మీట మీంచి వేలు తీశాక ఆ మాట ఎటు పోయేదో, ఎవరి మీద పడేదో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదని తోచి మనసు చివుక్కుమంది. లేచి ఆయనకి టీ పెట్టి ఇచ్చింది. తనూ తాగింది.

సాయంత్రం కోడలు గేటనే ఎఫెక్టు చూపించింది. శబ్దం ఒక హద్దు కంటే తగ్గితే అది తలుపు మూసేస్తుంది. దాన్ని సమం చేసేదానికంటే ముందు పెట్టారు. పెద్దాయన గొణుగుడు గేటు బయటే ఆగిపోయింది. కొత్త ప్రకటనలు మర్నాడే బస్టాండు చేరాయి.

వారం తిరిగేసరికి మేనేజరు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నీళ్ళు నములుతున్నాడు.

"జనం కిటికీ దగ్గర క్యూ కడుతున్నారు మేడమ్. పెద్దాయన ఏమన్నాడని అడుగుతున్నారు. ఆలస్యమయ్యే బస్సులకి మాత్రం... మీవారి చేత ఆ ఒక్క మాట..."

మర్నాడు పెద్దాయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మైకు ముందు కూర్చున్నాడు. "బయలుదేరదని తెలియజేయడమైనది" అన్నాడు, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు. పాతికసార్లు చెప్పించినా ఆ బిగువు పోలేదు. చివరికి మైకమ్మ ఆయన్ని హాల్లోకి పంపేసి, తను మైకు ముందు కూర్చుని పాత ప్రకటనలే వరసగా చదవడం మొదలుపెట్టింది. పది దాకా చడీచప్పుడూ లేదు. పదకొండో దానికి ఆయన పేపర్లో మునిగి, రికార్డింగు సంగతి మరిచిపోయి, అనేశాడు.

ఆ ముక్కని కత్తిరించి వేరే ట్రాకులో పెట్టింది. దాన్ని మిగతావాటితో బస్సు ఎక్కించలేదు, నేరుగా మాస్టరుకి పంపింది. దూరం, గొణుగుడు, కొంచెం ఫ్యాను హోరు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వదిలేసింది.

నెల తరవాత పొరుగూరి డిపో నుంచి ఒకాయన వచ్చాడు. ప్రకటనలు చదవడానికి వాళ్ళ దగ్గర మనిషి ఉందట. పెద్దాయన గొంతు మాత్రం చాలన్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించినట్టు నటించి, మా ఆవిడనడిగి చెబుతానన్నాడు. మైకమ్మ అప్పటికే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వచ్చినాయన్ని మైకు ముందు ఐదు సెకన్లు మాట్లాడకుండా కూర్చోమంటోంది.