చెప్పి వంగే బీము

ఆత్మకూరులో మా ఇంటి శ్లాబు మర్నాడు పోస్తారనగా, ఐదు నెలల పాపను అత్తయ్యకిచ్చి నిచ్చెన ఎక్కాను. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం లేకుండా ఉన్నదాన్ని, ఆ ఇంటి లెక్కలన్నీ నేనే వేశాను. పాపకు ఉయ్యాల కట్టబోయే గది మీద బీము దగ్గర ఆగిపోయాను. ప్లానులో అడుగున నాలుగు ఇనుప కమ్మీలు గీసిస్తే ఏడు ఉన్నాయి.

"ఏంది మేస్త్రీ ఇది?"

"పెద్దాయన చెప్పినాడమ్మా. మనవరాలు పడుకునే గదంట, మిగిలిన కమ్మీలన్నీ దీంట్లోనే వేసెయ్యమన్నాడు."

మా మామయ్యది ఉదయగిరి పక్క పల్లె, సేద్యం. ఇనుము ఎంత పడితే ఇల్లంత గట్టి అని ఆయన నమ్మకం. నేను వద్దంటుంటే ఇసుక కుప్ప దగ్గర నుంచి నవ్వాడు.

"ఏమ్మాయ్, ఇనుము ఎక్కువైతే ఇల్లు కూలతాదా? కాలేజీలో ఇదేనా నేర్పించింది?"

"ఇదే మామయ్యా. ఇళ్ల కట్టుబడికి సర్కారు వేసిన కోడు పుస్తకంలోనూ ఇదే ఉంది."

లాతూరు భూకంపం వార్తలు చదివినప్పటి నుంచి నాకు కప్పు చూస్తేనే భయం. పాప రెండుసార్లు తుమ్మితే ఆసుపత్రికి పరిగెత్తే మనిషిని. కానీ ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు.

"ఏడు కమ్మీలుంటే ఎక్కువ బరువు మోస్తుంది, నిజమే. కానీ బరువు మించిన రోజు ఆ ఇనుము సాగదు. పైన కాంక్రీటు నలిగి ఒక్కసారిగా పడుతుంది. నాలుగే ఉంటే ముందు ఇనుము సాగుతుంది, బీము వంగుతుంది, పగుళ్లు కనిపిస్తాయి. పాపను ఎత్తుకుని బయటికి పోయేంత టైము ఉంటుంది."

ఆయన నవ్వు ఆపాడు.

"అంటే, పడేది కూడా చెప్పి పడాలంటావు."

"అవును మామయ్యా."

"మన ఇంట్లో ఎవురూ చెప్పి చేసింది లేదు. బీమన్నా చెప్పనీ!"

మేస్త్రీ మాత్రం కదల్లేదు. "పెద్దాయన వేయించింది నేను తియ్యనమ్మా. రేపు ఏదన్నా అయితే నన్నే అంటారు."

మామయ్య పంచె పైకి కట్టి నిచ్చెనెక్కాడు. కట్టుడు తీగ ఒక్కొక్క ముడీ తనే విప్పాడు. మూడు కమ్మీలూ బయటికి లాగేసరికి వేళ్లు గీరుకుపోయాయి. చివరికి బీము మీదికి వంగి, మిగిలిన నాలుగింటినీ నాకు వినపడేలా లెక్కపెట్టాడు.