విమానం ఎక్కిన కడియాలు

అది 2007 వేసవి. గద్వాల కోట వెనక సందులో మా వెండి పని దుకాణం. మా ఆయన పోయిన తర్వాత కుంపటి ముందు నేనే కూర్చుంటున్నాను. పెళ్లయిన దగ్గర నుంచి ఆయన పక్కన కూర్చుని నిప్పు ఊదినదాన్ని కాబట్టి పని వచ్చు. చదువు మాత్రం నలభై దాటాక, మా వీధి రాత్రిబడిలో నేర్చుకున్నాను. రాయడం వచ్చిన కొత్తలో, నా చేతి మీదుగా పోయే ప్రతి వస్తువు లోపలివైపు నా పేరులోని మొదటి అక్షరం చెక్కేదాన్ని. చెక్కిన ప్రతిసారీ ఒకటికి రెండుసార్లు చూసుకునేదాన్ని.

మాది కొత్త నగలు అమ్మే దుకాణం కాదు. తెగిన పట్టీలు, వదులైన మెట్టెలు, సొట్టపడ్డ గిన్నెలు వస్తాయి. మా పనిలో ఎక్కువ భాగం సోల్డర్, అంటే తొందరగా కరిగే వెండి తునకను అతుకు మధ్య పెట్టి మంట ఊదడం. అలాంటి దుకాణానికి ఒక మధ్యాహ్నం తిమ్మప్ప తన తల్లిదండ్రులను జీపులో తీసుకొచ్చాడు. తిమ్మప్ప పత్తి విత్తనాల ఆర్గనైజర్. కంపెనీకీ రైతులకూ మధ్య ఉండి విత్తన పంట వేయించే పని అది. మా పక్క ఊరివాడే.

"అక్కా, మా అమ్మ కాళ్ల కడియాలు తియ్యాలె. రాకపోతే కోసినా సరే," అన్నాడు.

"కోసినా సరేనంట! కాళ్లు నీయా, నాయా?" అంది వెనక నుంచి సాయమ్మ.

సంగతి ఏమిటంటే, ఆ ఏడాది విత్తనాలు బాగా ఇచ్చినందుకు కంపెనీవాళ్లు తిమ్మప్పను సింగపూర్ తీసుకుపోతున్నారు. ఇంకో ఇద్దరిని వెంట తెచ్చుకోమన్నారు. భార్యను అడిగితే, "నాకేం, ముందుముందు చూస్త. మామను తీస్కపో," అందట. మామ అంటే తిమ్మప్ప తండ్రి నర్సన్న. ఆయనకు నీటికాసులు. కర్నూలు డాక్టరు చుక్కల మందు రాసి, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదీ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేనని అన్నాడు. అప్పటికే గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేరే కనబడుతుంది, చుట్టుపక్కలంతా చీకటి. కృష్ణా నది వరదలు చూశాడు గానీ సముద్రం ఎన్నడూ చూడలేదు. చూపు ఉండగానే చూడాలని ఆయన ఆశ.

"ఇదివరకు పోయినోళ్లు ఎట్లున్నరో గట్లనే విమానం ఎక్కిన్రంట. ఇప్పుడు రూల్స్ మారినయక్కా," అన్నాడు తిమ్మప్ప. "బూట్లిప్పాలె, బెల్టిప్పాలె. చేతి సంచిల నీళ్ల సీసా గూడ ఉండొద్దంట. అమ్మ కడియాలు బోలువి. లోపల గుండ్లు మోగుతయి. లోపలేమున్నది, ఇప్పి చూపియ్యి అంటే ఏం జెప్తం? ఇప్పరాకపోతే ఎట్ల చేస్తరో టూర్ ఆయనకు గూడ తెల్వదంట."

"నేను రాను. మీరిద్దరే పోండ్రి," అంది సాయమ్మ.

"నువ్వు లేంది నేను పోతనా?" అన్నాడు నర్సన్న. "గా మందిల నేనెవ్వరెంట నడ్వాలె?"

అప్పుడు గమనించాను. ఆయన నేల చూపులతోనే నడుస్తాడు. సాయమ్మ ముందు నడిస్తే ఆమె కడియాల చప్పుడు పట్టుకుని వెనకాలే వస్తాడు. కొడుకు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంటాడు గానీ, ఆ చప్పుడు వెంట మాత్రం గుమ్మాలు, మెట్లు తడుముకోకుండా దాటేస్తాడు. అంటే ఎయిర్‌పోర్టులో తనిఖీ మెషీన్ దగ్గర విప్పడానికి రావాలి, దాటగానే మళ్లీ కాలికి ఎక్కాలి, ఎక్కాక ఇప్పటిలాగే మోగాలి. అలా కుదరకపోతే ముసలాయనకు సముద్రం లేదు.

నేను సన్న రంపం తీశాను. మళ్లీ పక్కన పెట్టేశాను. పెళ్లినాడు వేసిన కడియాలు ఎప్పుడు తీస్తారో మా దగ్గర అందరికీ తెలుసు. నావి అలాగే తీశారు. భర్త పోయినదాన్ని, పుణ్యస్త్రీ కాలికి రంపం పెట్టడానికి చెయ్యి రాలేదు.

"అవ్వా, బజార్ల మగోళ్ల దుకాణాలున్నయి. వాళ్ల తోని తీపిచ్చుకో."

ఆమెకు అర్థమైంది. "ఎందుకు బిడ్డా, నీ చేతులకేమైంది? నా మనుమరాలి పట్టీలు అతికింది నువ్వే గదా. అది ఉరుకుతలేదా?" అని కాలు చాపి నా పీట మీద పెట్టింది. కానీ ఆమెకూ లోపల గుబులే. కాలు బోసిపోతుందే, ఎట్లా అని మొగుడి వైపు చూసింది.

నర్సన్న పసుపు దారం తెమ్మన్నాడు. "ముందుగాల దారం గట్టి, ఎన్క కడియం తీస్తే కాలు బోసి యాడైతది?" అన్నాడు. దారం తెచ్చి ఇచ్చాను. ఆయన నేల మీద కూర్చుని, తడుముకుంటూ, కడియానికి పైగా ఆమె రెండు కాళ్లకూ ముడివేశాడు. కొడుకు కట్టబోతే పక్కకు నెట్టాడు.

"అప్పుడు మెడకు గట్టినవు, ఇప్పుడు కాళ్లకు గట్టినవు. ఇంక నేను యాడికి ఉర్కాలె?" అంది సాయమ్మ. తిమ్మప్ప పకపకా నవ్వాడు. నాకు ధైర్యం వచ్చింది.

ముందు కుంకుడు రసం పోసి, బ్రష్షుతో రుద్దాను. ఎక్కడ కోస్తే కనబడదో చూద్దామని. ఏళ్ల నాటి మడ్డి కరిగి, కడియం మీద ఒక తామర మొగ్గ తేలింది. ఆ మొగ్గ రేకు కింద వెంట్రుక వాసి గీత. మొదట పగులు అనుకున్నాను. గోరుతో గీరితే తెలిసింది, అది సీల తల. ఎన్నటికీ తీయని వస్తువని తెలిసి కూడా, అది చేసినాయన తీసే దారి ఒకటి పెట్టాడు. పెట్టి, రేకు కింద దాచాడు. రంపం అవసరమే లేకపోయింది. కాలికీ కడియానికీ మధ్య తోలు ముక్క దూర్చి, ఆకురాయితో సీల తలను కొద్దికొద్దిగా అరగదీశాను. వెండి వేడెక్కుతుంది కాబట్టి మధ్యమధ్య నీళ్లు చల్లాను. సీల ఊడింది. ఎడమ కడియం నోరు తెరిచింది.

కడియం కింద ఉన్న కాలు బయటపడింది. పైనా కిందా ఎండకు, మట్టికి, నాట్లకు బీటలు తీసిన చర్మం. మధ్యలో బెత్తెడు మేర లేతగా, నునుపుగా, పెళ్లికూతురి కాలు. దాని మీద ఎండ పడలేదు, వయసు పడలేదు. సాయమ్మ వంగి ఆ చోటును ఒక వేలితో ముట్టుకుంది. పరాయివాళ్ల పిల్లను ముట్టుకున్నట్టు ముట్టుకుంది.

"ఏమైందే?" అన్నాడు అది కంటికి ఆనని నర్సన్న.

"ఏం గాలే. నేను పెండ్లికొచ్చినప్పటి కాలు ఈడనే ఉన్నది," అంది.

లేచి నాలుగడుగులు వేసి చూసింది. బరువు లేని ఆ కాలు అనుకున్నదానికంటే పైకి లేస్తోంది. నర్సన్న తల పక్కకు వంచి విని, "ఎడమ కాలు యాడ వెట్టినవే? కుడిది ఒక్కటే వస్తున్నది," అన్నాడు.

ఆయన మాట నాకు వింతగా తోచింది. రెండు కడియాలకూ చప్పుడు ఒకటే కదా, ఏ కాలిదో ఎలా తెలిసింది? కుడిదీ తీశాక రెండింటినీ చెవి దగ్గర ఊపాను. ఒకటే కాదు. ఎడమది లావు గొంతు, కుడిది సన్న గొంతు. కడియం చివర ఉండే మూతల అతుకు అరిగిపోయి ఉంది. మెల్లగా ఊడదీసి, గుడ్డ పరిచి వంచాను. ఎడమ దాంట్లోంచి సెనగల్లాంటి వెండి గుండ్లు, కుడి దాంట్లోంచి జొన్న గింజల్లాంటివి దొర్లిపడ్డాయి.

బోలు నగల్లో ఏం పోస్తారో నాకు తెలుసు. ఇసుక రాళ్లు, ఇనుప రజను, ఏది దొరికితే అది. మూత పడ్డాక ఎవరు చూస్తారు? ఇక్కడ మాత్రం ఒక్కో గుండు అరగదీసి, మెరుగు పెట్టి ఉంది. ఒకదానికొకటి తేడా లేదు. కడియం లోపలి గోడకు దీపం పెట్టి చూశాను. అది కూడా నున్నగా మెరుస్తోంది. చప్పుడు గరగరలాడకుండా ఆ పనివాడు అలా చేశాడన్నమాట. నేను అక్షరం కోసం వెతికాను. ఎక్కడా లేదు. ఎవరు చేశారవ్వా అని అడిగితే, "మా అవ్వగారి ఊరు అమరచింత. ఆడ చేపిచ్చిన్రు. పేరు నాకేం తెల్సు బిడ్డా," అంది సాయమ్మ. ఆ గుండ్లను అరచేతిలో పోసుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తు లేదు.

కడియాలు నా దగ్గర వదిలి వెళ్లారు. సీల బదులు మర చేశాను, వేళ్లతోనే తిప్పి తీసేది. పనిముట్టు కావాల్సి వస్తే దాన్ని కూడా విమానంలోకి రానివ్వరు కదా. కష్టం మూతల దగ్గర వచ్చింది. గుండ్లు లోపల ఉండగా మంట ఊదితే సోల్డర్ పారి అవి అంటుకుంటాయి, ఇక మోగవు. అందుకని గుండ్లను సుద్దనీళ్లలో ముంచి ఆరబెట్టి పోశాను. సుద్ద ఉన్నచోట సోల్డర్ పట్టదు. మూతకు సూది మోపినంత చిల్లు ఉండనే ఉంది. బోలు వస్తువుకు ఆ చిల్లు లేకపోతే లోపలి గాలి వేడికి ఉబ్బి పగులుతుంది. ఆ చిల్లు కూడా మొదట చేసినాయన పెట్టినదే.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు సాయమ్మకు తొడిగి నడవమన్నాను. నర్సన్న మొహం వాడిపోయింది. "ఇవి గావు బిడ్డా. జలుబు చేసినట్టున్నయి."

ఆమెను మళ్లీ నడవమన్నాను. తర్వాత తట్టింది, సుద్ద ఇంకా లోపలే ఉంది. విప్పి, గోరువెచ్చని నీళ్లలో ముంచుతూ, ఊపుతూ, చిల్లులోంచి తెల్లనీళ్లు ఆగేదాకా కడిగి, కుంపటి పక్కన ఆరబెట్టాను. ఈసారి సాయమ్మ గుమ్మం దాకా నడిచి వెనక్కి వచ్చింది. నర్సన్న విన్నాడు. లేచి ఆమె వెనక నడిచాడు. నా సామానుకు కాలు తగలకుండా దుకాణం చుట్టి వచ్చాడు. మర లోపలివైపు నా అక్షరం చెక్కుదామని చీరణం తీసుకున్నాను. చెయ్యి రాలేదు. అలాగే ఇచ్చేశాను.

తర్వాత రిహార్సల్. మా దుకాణం గుమ్మమే మెషీన్, తిమ్మప్పే పోలీసు. "నడువమ్మా, కాళ్లకేమున్నయి?" అంటే సాయమ్మ స్టూలు మీద కూర్చుని, మర తిప్పి, కడియాలను స్టీలు పళ్లెంలో పెట్టాలి. అవతలికి వచ్చి మళ్లీ తొడుక్కోవాలి. అంతదాకా నర్సన్న ఉన్నచోటనే నిలబడాలి. మొదటిసారి మర కింద పడింది. రెండోసారి, "జర ఆగుర్రి, నేను చేతులెత్తి మొక్కాల్నా?" అని పోలీసునే దబాయించింది. చేయగా చేయగా అలవాటైంది. మామిడికాయ తొక్కు చేతి సంచిలో వద్దని, మూత సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టమని తిమ్మప్ప చెప్పాడు. కంటి చుక్కల సీసాను మాత్రం డాక్టరు చీటీతో సహా తెల్ల కవరులో, చేతికి అందేలా ఉంచాడు.

తిరిగి వచ్చాక ముగ్గురూ దుకాణానికి వచ్చారు. ఎయిర్‌పోర్టులో ఆడ పోలీసు కడియం చేతిలోకి తీసుకుని ఊపిందట. మళ్లీ ఊపిందట. "ఇంకో పిల్లను పిల్చి ఆమెకు గూడ ఇనిపిచ్చింది," అని సాయమ్మ గర్వంగా చెప్పింది.

"మరి సముద్రం చూసినవా పెద్దయ్యా?" అని అడిగాను.

నర్సన్న పీట మీద సర్దుకుని కూర్చున్నాడు.

"చానా సేపు చూడలే బిడ్డా. ఈమె సప్పుడెంట తల వంచుకోని నడుస్తున్న. తడి ఇసుక వచ్చింది. ఇసుకల కాళ్లు దిగవడి కడియాలు మోగలే. యాడ వాయెనో అని పరేషానై తల లేపిన. లేపితే నీళ్లు. నాకు ఏదైనా తునకే కనవడుతది గదా, జర తల తిప్పితే దాని అంచు దొరుకుతది. మనిషికి దొరుకుతది, ఇంటికి దొరుకుతది, కొండకు గూడ దొరుకుతది. దీనికి గూడ దొరుకుతదని ఇట్ల తిప్పిన, నీళ్లే. అట్ల తిప్పిన, నీళ్లే. ఓడలు బర్రెల మంద లెక్క నిలవడ్డయి. వాటెన్క మళ్ల నీళ్లే. కండ్లు మంచిగున్నోనికి గూడ దాని అంచు దొరుకదంట. తిమ్మప్ప చెప్పిండు."

సాయమ్మ లేచి, పోదాం పా అన్నట్టు గుమ్మం దాటింది. ఆ లావు గొంతు, సన్న గొంతు ఒకదాని వెంట ఒకటి సందు మలుపు దాకా వినబడ్డాయి. వాటి వెనకే ఆయన, చెయ్యి ఎవరికీ ఇవ్వకుండా.

ఆ తర్వాత నేను అక్షరం చెక్కడం మానేశాను. బోలు వస్తువు ఏది వచ్చినా మాత్రం, మూత వేసేముందు లోపలి గోడకు మెరుగు పెడతాను. ఆ చప్పుడు పట్టుకుని ఎవరు ఎంత దూరం నడవాలో నాకు తెలియదు కదా.