చుట్టాల క్యాను

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఇంటర్ పరీక్షలు అయిపోయి, నల్లగొండలో మా డాబా మీద వడియాలకు కాపలా కాస్తున్న రోజులవి. హైదరాబాద్‌లోని ఒక పెద్ద కంపెనీ డబ్బు పెడుతుందనీ, మా పట్నంలోని స్వచ్ఛంద సంస్థ ఒకటి పిల్లల్ని పనిలో పెట్టుకుంటుందనీ కాలేజీ గోడ మీద కాగితం అంటించారు. రెండు నెలల పని. నీలం టీషర్టు, టోపీ, చేతికో ట్యాబు ఇచ్చారు. ఆ టీషర్టు వేసుకుని కూరగాయలకు కూడా వెళ్లేదాన్ని.

పని మర్రిగూడ వైపు ఊళ్లలో. అక్కడి బోరునీళ్లలో ఎముకల్నీ పళ్లనూ పాడుచేసే ఫ్లోరైడు. మంచినీళ్లు తాగే ఇళ్లు అన్నిటికంటే తక్కువగా ఉన్న ఒక్క ఊరికి కంపెనీ నీటిశుద్ధి మిషన్ పెట్టిస్తుంది. ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో మేం ట్యాబులో నొక్కాలి. శిక్షణ ఇచ్చిన సారు ఒకటే నేర్పాడు: "అడగొద్దు. అడిగితే అందరు మాకు లేవనే అంటరు. కండ్లతోని చూసి నొక్కున్రి."

మాకది గొప్ప తెలివిగా తోచింది. పదిహేడేళ్ల వయసులో ఎదుటివాళ్లు అబద్ధాలాడతారని తెలిస్తే పెద్దవాళ్లమైపోయినట్టే ఉంటుంది.

నాకిచ్చిన ఊళ్లో మొదటి ఇంటి ముందు నడుం వంగిన మనిషి కూర్చుని ఉంది. "అవ్వా" అని పిలిచాను.

"నీకు నేను అవ్వనా బిడ్డ? మీ అమ్మ ఈడుదాన్నే," అని నవ్వింది. సిగ్గుపడి, పెద్దమ్మా అన్నాను.

ఆమె మంచం వాల్చింది. మూలనున్న నీళ్ల క్యాను వంచి, కడిగిన గ్లాసులో పోసిచ్చింది. నీళ్లు తియ్యగా ఉన్నాయి. నాలుగేళ్ల చిన్నకూతురు ఆమె కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది.

"మిషన్ మా ఊరికి వస్తదా బిడ్డ? నా బతుకు ఎట్లనో అయిపాయె. దీని పాలపండ్లు ఊడి వచ్చే పండ్లన్న తెల్లగ రావాలె."

"చూద్దాం పెద్దమ్మా," అన్నాను. మూలన క్యాను పెట్టుకుని మిషన్ అడుగుతోంది, సారు చెప్పింది నిజమే అనుకున్నాను. క్యానుకు ఫొటో తీసి 'శుద్ధి చేసిన నీళ్లు' అని నొక్కాను.

ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో అంతే. మంచం, కడిగిన గ్లాసు, క్యాను నీళ్లు. మధ్యాహ్నానికి నా కడుపు కుండయింది.

చివరి వారం సారు పిలిచి, ఒక ఫొటో మసకగా ఉందన్నాడు. అది పెద్దమ్మ ఇల్లే. చెప్పాపెట్టకుండా వెళ్లాను. పెరట్లో ఆ పిల్ల కుండలో చెంబు ముంచి గటగటా తాగుతోంది. తల్లి పక్కనే అంట్లు తోముతోంది.

"క్యాను ఉంది కద పెద్దమ్మా, బోరునీళ్లు తాగుతుందేంది?"

ఆమె వింతగా చూసింది. "గది సుట్టాలకు బిడ్డ. దినాం కొని తాగుతమా? ఇంటికొకటి పెట్టుకుంటం. వచ్చినోళ్లకు గీ నీళ్లెట్ల పోస్తం?"

ఊరంతా నేను తాగింది నాకోసం దాచిన నీళ్లు. తాగి, ఊరంతా అవే తాగుతోందని నొక్కాను.

సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "లెక్కలన్నీ కంపెనీకి పోయినయి. ఇప్పుడు తప్పంటే అందరి సర్టిఫికెట్లు ఆగుతయి. ఊకో."

ఊరుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. కంపెనీవాళ్లు వచ్చిన సభలో సర్టిఫికెట్ అందుకుని నవ్వుతూ ఫొటో దిగాను. మిషన్ నార్కట్‌పల్లి దగ్గర, రోడ్డు పక్క ఊరికి పోయింది. బస్సులో వెళ్లేవాళ్లకు కంపెనీ బోర్డు బాగా కనిపిస్తుంది. నా సర్టిఫికెట్‌ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మూడేళ్లకు, డిగ్రీ చివరి పరీక్షలు రాశాక, క్షమించమని అడుగుదామని ఆ ఊరు వెళ్లాను. ఊరి బయట మంచినీళ్ల పైపుల కోసం తవ్విన మట్టి కుప్పలు పడి ఉన్నాయి. పెద్దమ్మ మరింత వంగింది. జరిగిందంతా చెప్పాను.

"నువ్వేం జేస్తవ్ బిడ్డ, చిన్నపిల్లవు," అని మంచం వాల్చమని కూతురికి చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పిల్లకు ఏడేళ్లు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మంచం వాల్చింది. క్యాను వంచడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చినప్పుడు చూశాను. కొత్తగా వచ్చిన ముందుపళ్లు రెండూ గోధుమరంగు చారలతో ఉన్నాయి.

"వద్దమ్మా. కుండల నీళ్లియ్యి," అన్నాను.

పిల్ల మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"అవి మావి," అంది.