నా మొక్కుకి ఆకలి అని పేరు పెట్టారు

మా అమ్మాయి కాన్వెంటులో చేరిన మూడో వారం, ఒక మధ్యాహ్నం పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. లోపల మూడు పాత గౌన్లు, రంగు వెలిసిన స్వెట్టరు ఉన్నాయి. నాగాయలంకలో స్వెట్టరు వేసుకునే చలి ఏ నెలలో వస్తుందో నాకు తెలియదు.

"మిస్ ఇచ్చింది. నాకొక్కదానికే ఇచ్చింది," అంది గొప్పగా. సంచి కింద పెట్టి, "పెద్ద క్లాసు వాళ్ళు నన్ను ముష్టి పాప అంటున్నారు. అంటే ఏంటమ్మా?" అని అడిగింది.

సంచీ పట్టుకుని అప్పుడే బడికి వెళ్ళాను. ఆ మిస్ చిన్నపిల్ల, మంచి మనిషి. నన్ను చూసి కుర్చీలోంచి లేచింది.

"తప్పుగా అనుకున్నారా అమ్మా? మా అక్క కూతురివి. ఒకటి రెండుసార్లే వేసింది."

"బట్టలు మంచివేనండీ. మాకే ఎందుకిచ్చారో అడుగుదామని వచ్చాను."

ఆమె ఫోన్ తీసి చూపించింది. "గ్రూపులో వచ్చిందండీ. ఇది మీరూ పాపా కదా? చూశాక నాకు అన్నం సయించలేదు."

అది నలుపూ తెలుపూ ఫొటో. ఒక ఆడమనిషి వీధిలో నిలబడి కొంగు చాపింది. తల దించుకుంది, పెదాలు బిగబట్టింది. చంకలో రెండేళ్ళ బిడ్డ, ఒంటి మీద మాసిన చొక్కా. ఆ బిడ్డ కొంగులోంచి పిడికెడు బియ్యం తీసి పచ్చివే నోట్లో కుక్కుకుంటోంది. ఆ ఆడమనిషిని నేనే. బిడ్డ మా అమ్మాయి. కింద పెద్ద అక్షరాలతో 'ఆకలి' అని ఉంది. మూలన ఒక స్టూడియో పేరు, దాని పక్కన గుడివాడ అని ఉన్నాయి.

మిస్ మీద నాకు కోపం రాలేదు. చూసింది నమ్మింది, నమ్మి తనకున్నదాంట్లో ఇచ్చింది. ఆమెకి దణ్ణం పెట్టి, సంచీ తిరిగి ఇచ్చేసి వచ్చాను. దారిలో మాత్రం మా సందు దాటి ముందుకి వెళ్ళిపోయాను. అది కోపం వల్లనని ఇంటికొచ్చాక తెలిసింది. నాకు అంత కోపం అలవాటు లేదు.

ఆ ఫొటోలో ఉన్నదేమిటో చెప్పాలి.

మా అమ్మాయికి ముందు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. ఈ బిడ్డ దక్కితే, రెండేళ్ళు నిండిన తరవాత ఒక శనివారం ఏడిళ్ళు బిచ్చమెత్తి, ఆ బియ్యంతో పొంగలి వండి నైవేద్యం పెడతానని. మా వైపు ఇది కొత్త మొక్కేమీ కాదు. రొయ్యల చెరువులున్న ఇల్లాలు కూడా ఆ రోజు కొంగు చాపుతుంది. బిడ్డకి కొత్త బట్ట వెయ్యకూడదు. ఇంకో ఇంటి పిల్లల పాత చొక్కా అడిగి తెచ్చుకుని, పసుపు నీళ్ళలో ముంచి తొడగాలి. ఈ బిడ్డ నాది కాదు స్వామీ, నువ్వు పెట్టిన భిక్ష అని పదిమందిలో ఒప్పుకోవడం అది. మా ఆయన సముద్రం మీదికి వెళ్తాడు, నేను ఎండుచేపల వ్యాపారం చేస్తాను. దేవుడి దయవల్ల తిండికి ఏనాడూ తడుముకోలేదు. ఆ శనివారం నా అంత కలిగినది ఊళ్ళో లేదని అనుకుంటూ తిరిగాను.

నాలుగో ఇల్లు దర్జీ సాయిబుగారిది. ఆయన భార్యని నేను పిన్నీ అంటాను. ఆమె సోలెడు బియ్యం కొలిచి తెచ్చి కొంగులో పోస్తుంటే మా అమ్మాయి గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది.

"అయ్యో, పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వానొస్తుందే. మీ అమ్మ ఇప్పట్నుంచే పరదాలు కుట్టించుకోవాలి. మా ఆయనకే చెప్పు, కూలి తగ్గిస్తాడు," అంది పిన్ని.

మొక్కు బియ్యం పడుతున్నప్పుడు నవ్వకూడదంటారు. అందుకని నేను తల దించుకుని పెదాలు బిగబట్టాను. సరిగ్గా అప్పుడే రోడ్డు అవతలనుంచి ఎవడో నాకు తెలియకుండా ఫొటో తీశాడు. ఆపుకున్న నవ్వు ఫొటోలో ఏడుపులా పడింది.

మిస్ దగ్గరికి వెళ్ళొచ్చిన మరునాడు ఆదివారం. అమ్మాయిని తీసుకుని బస్సెక్కాను. పామర్రులో బస్సు మారి గుడివాడలో దిగేసరికి ఎండ మండిపోతోంది. దారి చూపించిన ఆటో ఆయన పిల్లకి మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఆయన చల్లగా ఉండాలి.

స్టూడియో అద్దాల నిండా పిల్లల ఫొటోలే. కృష్ణుడి వేషాలు, పూలజడలు, అన్నప్రాసనలు. ఆ తల్లులందరూ పట్టుచీర సర్దుకుని కెమెరా వైపు చూస్తున్నారు. వాళ్ళని అడిగి తీశారన్నమాట. లోపల గోడ మధ్యలో, అన్నిటికన్నా పెద్ద ఫ్రేములో మేమిద్దరం ఉన్నాం. పక్కన బహుమతి షీల్డు ఉంది.

"అమ్మా, మనం," అంది మా అమ్మాయి వేలు చూపిస్తూ.

కౌంటరు దగ్గర ఉన్న కుర్రాడు ఫొటోని చూశాడు, మమ్మల్ని చూశాడు. పాతికేళ్ళుంటాయి. మొహం వెలిగింది అతనికి.

"మీరేనా అండీ? కూర్చోండమ్మా. నేనే తీశాను. ఎంత పేరొచ్చిందో తెలుసా? పాప ఎదిగిపోయింది."

"కింద ఏం రాశారు బాబూ?"

నా చీర వైపు, చేతిలో చేపల వాసన పోని సంచి వైపు చూసి, "దివిసీమ తల్లి అని రాశామండీ," అన్నాడు.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి పలకమీద దిద్దించాడు. ఆ అక్షరాలతోనే ఇన్నేళ్ళూ నా పూజ పుస్తకాలు చదువుకుంటున్నాను.

"ఆకలి అని ఉంది," అన్నాను.

అతను ఫ్రేము వైపు తిరిగి చూశాడు.

"ఆ రోజు నన్నొక మాట అడగలేకపోయావా?"

"అడిగితే నేచురల్‌గా రాదండీ. అది క్యాండిడ్."

"అంటే?"

"మనిషికి చెప్పకుండా తీయడం అండీ."

"మా ఊళ్ళో చెప్పకుండా తీస్తే దానికి వేరే పేరుంది బాబూ."

పక్కన పాస్‌పోర్టు ఫొటోల కోసం కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కుర్రాడు ఎర్రబడి, "మీకేదైనా సాయం కావాలంటే చేస్తానమ్మా. పాపకేమన్నా కొనిపెట్టండి," అని డ్రాయరు లాగాడు.

"డ్రాయరు మూసెయ్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నువ్వు తీసినది మొత్తం ఇంతేనా? మా పిన్ని ఏది? బియ్యం ఆకాశంలోంచి పడుతున్నాయా?"

కంప్యూటరు నా వైపు తిప్పి అసలు ఫొటో తెరిచాడు. నా కళ్ళు చెదిరాయి. మా అమ్మాయి చొక్కా బంతిపువ్వులా ఉంది. పసుపు మెడ మీదికి కారి ఎండింది. నా నుదుట నామం ఉంది. పిన్ని సోల చేత్తో పట్టుకుని, తల వెనక్కి వేసి నవ్వుతోంది. వెనక గుమ్మంలో సాయిబుగారు కూడా టేపు మెడలో వేసుకుని నవ్వుతున్నారు. మా ఇంట్లో ఆ రోజుది ఒక్క ఫొటో కూడా లేదు. ఎంత బాగా తీశాడో చూసి ఏడుపొచ్చింది. దాంతో కోపం ఇంకా పెరిగింది. తెలియక చేశాడేమో అని అప్పటిదాకా మనసులో ఒక మూల సర్దుకుంటున్నాను. ఇదంతా కళ్ళెదురుగా ఉంచుకునే చేశాడు.

"ఈవిడ నవ్వుతుంటే ఫోకస్ చెదిరిపోతుందని కట్ చేశానండీ," అన్నాడు మెల్లగా. "రంగుల్లో ఆ ఫీల్ రాదు."

"ఏ ఫీల్? పసుపు చొక్కాని మాసిన చొక్కా చేస్తే వచ్చేదా? నవ్వేవాళ్ళని కోసేస్తే వచ్చేదా? ఇద్దర్ని మట్టిలో పెట్టి, మూడోదాన్ని దక్కించుకుని, దేవుడికి బాకీ తీర్చుకుంటున్నాను నేను. నువ్వు దాన్ని కూడులేని ముఖం చేశావు. బళ్ళో నా కూతుర్ని ముష్టి పాప అంటున్నారు."

"నాకు తెలీదమ్మా, మొక్కని."

"రోడ్డు దాటి అడిగితే పిన్ని చెప్పేది. నీక్కూడా గుప్పెడు పెట్టేది."

పెద్దాయన లేచాడు. "ముందా ఫొటో దించవయ్యా," అన్నాడు. "మా ఇంట్లో మా ఆవిడ కూడా మా వాడికి ఎత్తింది ఆ బిచ్చం. అప్పుడు నేను తహసీలు ఆఫీసులో ఉద్యోగిని."

కుర్రాడు స్టూలెక్కి దించాడు. రంగుల ఫొటో ఒకటి, కోతలేవీ లేకుండా, అచ్చు వేసి ఇచ్చాడు. ఇది మొక్కు, ఆకలి కాదు అని అన్ని గ్రూపుల్లో పెడతానన్నాడు. తలూపాను. వెళ్ళొస్తానని మాత్రం చెప్పలేదు.

తిరుగు బస్సులో మా అమ్మాయి ఆ ఫొటో ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"మనం నిజంగా ముష్టెత్తామా అమ్మా?"

"ఎత్తాం. ఏడిళ్ళలో. నువ్వు నాకు దక్కావని ఎత్తాను. ఎవరన్నా అంటే అవునని చెప్పు, ఎందుకో కూడా చెప్పు."

"నాకు చెప్పడం రాదు."

"అయితే నేనొచ్చి చెప్తాను."

మర్నాడు ఉదయం మిస్‌ని అడిగి, ఆ పెద్ద క్లాసు పిల్లల ముందే నిలబడి చెప్పాను. మాట తడబడలేదు. రంగుల ఫొటో పిల్లలందరి చేతుల్లో తిరిగింది. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో నిజంగా వానొస్తుందా అని ఇద్దరు అడిగారు. ఒకడు తనకీ తిరుపతి మొక్కుందని, తన జుట్టు ఇంకా ఇవ్వలేదని చెప్పాడు. ఆ తరవాత మా అమ్మాయిని ఎవరూ ఆ మాట అనలేదు.

పిల్లలకి పావుగంటలో తెలిసింది. స్టూడియో కుర్రాడు గ్రూపుల్లో పెడతానన్న మాట మాత్రం మిస్ ఫోన్‌కి ఇంతవరకు రాలేదు. పాత ఫొటో ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న మచిలీపట్నం చేపల మార్కెట్లో ఒకామె నన్ను గుర్తుపట్టి, నేను బేరం ఆడకుండానే ధర తగ్గించింది. మామూలు ధరకే ఇమ్మన్నాను.

సాయంత్రం దీపం పెట్టినప్పుడు నేను అందరి పేరునా దణ్ణం పెడతాను. సముద్రం మీదున్నవాళ్ళకి, పిన్నికి, సాయిబుగారికి, మిస్‌కి, ఆ ఆటో ఆయనకి, గుడివాడ పెద్దాయనకి. ఆ కుర్రాడిని కూడా చల్లగా చూడమని అడగబోతాను. నోరు రాదు. స్వామికి అన్నీ తెలుసు కాబట్టి దాచడం ఎందుకని, ఇవాళ కూడా రాలేదు స్వామీ అని చెప్పి లేస్తున్నాను.